గిటారును పొయ్యిలో పెట్టని మా నాయన

ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి "ఆదోని దేవదానం మీకు తెలుసా?" అని అడిగి చూడండి. ఎవరో ఒకరు తప్పకుండా, "తెలీకేమప్పా, ఆ తాగుబోతాయన గదా! పాపం, ఇప్పుడు మానేసినాడంటలే" అంటారు. ఆ దేవదానం మా నాయన. ఆయన పుట్టి ఇన్నేళ్లలో గొంతు దిగిన అత్యంత ఘాటైన పదార్థం అల్లం టీ. అది కూడా రెండోసారి పోయబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, నిద్ర పట్టదు" అంటాడు.

అల్లం టీ మనిషి రెండు ఊళ్లలో పేరుమోసిన తాగుబోతు ఎలా అయ్యాడో చెబుతాను. చేసింది నేనే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు, మందు పెట్టలేదు, కత్తి చూపించలేదు. చేతిలో మైకు పెట్టారు, అంతే. చదువుతూ చదువుతూ మీకు నన్ను రెండు తన్నాలనిపిస్తే మొహమాటపడకండి. ఆ పని ఒకరు ఇదివరకే చేశారు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పేవాణ్ణి. ఆదివారాలు మా చర్చిలో గిటారు వాయించేవాణ్ణి. ఒకసారి ఉద్యోగ పరీక్ష రాయడానికి బెంగుళూరు వెళ్లి, పరీక్ష మంటగలిపిన దుఃఖంలో ఊరు తిరుగుతూ పాత పుస్తకాల కొట్టులోకి దూరాను. అక్కడ పుస్తకాలు కిలోల లెక్కన అమ్ముతారు. మూడు కిలోల రాక్ సంగీతకారుల ఆత్మకథలు తూయించుకుని రైలెక్కాను.

రాక్ సంగీతం తెలియనివారికి ఒక్క మాట. అందులో గిటార్లు గొంతు చించుకుంటాయి, మనుషులూ చించుకుంటారు, వెనక డ్రమ్ములు ఇద్దర్నీ కలిపి తిడుతుంటాయి. నిజం చెప్పాలంటే నేను వాళ్ల పాటలు విన్నది తక్కువ. జీవితాలు చదివిందే ఎక్కువ. వంట రుచి చూడకుండా వంటవాడి చేతుల మీద కాలిన మచ్చలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం లాంటిది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆరు నెలలు చదివాను. చదివినకొద్దీ ఒక భయంకరమైన సత్యం బోధపడింది.

ఆ మహానుభావులందరి కథా ఒక్కలాగే మొదలవుతుంది. మొదటి అధ్యాయంలో వాన, ఫ్యాక్టరీ పొగ, తాగొచ్చి కొట్టే తండ్రి. కొడుకు దాచుకున్న గిటారును ఆ తండ్రి నేలకేసి కొడతాడు. ఆ రోజే పిల్లవాడి గుండెలో సంగీతం పుడుతుంది. తర్వాత పేరు, డబ్బు, తగాదాలు, ఆస్పత్రులు. చివరి అధ్యాయానికి అందరూ బుద్ధి తెచ్చుకుని ఏదో పల్లెటూళ్లో కూరగాయలు పండించుకుంటుంటారు. ఈ చివరి అధ్యాయం మా వైపు జనానికి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు. నన్ను కుంగదీసింది మొదటి అధ్యాయం. ఎందుకంటే నాకు అలాంటిది లేదు.

నా పేరే ఆనందరావు. గొప్ప బాధలోంచి పుట్టాల్సిన కళాకారుడికి పెట్టే పేరా అది?

పోనీ పేరు పోయింది, బాల్యమైనా సహకరించిందా అంటే అదీ లేదు. మా నాయన పత్తి మిల్లులో తూకం వేసే పని చేస్తాడు. చిప్పగిరి నుంచో తుగ్గలి నుంచో పత్తి తెచ్చిన రైతులు బండి దించే ముందు, "కాటా కాడ దేవదానన్న ఉండాడా?" అని అడిగి మరీ దించుతారు. అంత నిక్కచ్చి మనిషి. నాకు గిటారు మీద మోజు పుట్టిందని తెలిసి, బళ్లారి పోయి గిటారు కొని, బస్సులో సీటు దొరక్కపోతే దాన్ని పసిబిడ్డలా భుజాన వేసుకుని ఆదోని దాకా నిలబడి వచ్చాడు. నేర్పే మాస్టారు ఊరికి ఆ చివర ఉండేవాడు. రోజూ మిల్లు నుంచి వచ్చి, సైకిలు మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, నేను నేర్చుకున్నంతసేపూ బయట అరుగు మీద కూర్చునేవాడు. నేను తప్పు వాయించినా, "బాగుండాదిరా" అనేవాడు. నన్ను జీవితంలో ఒకే ఒక్కసారి కొట్టాడు. నా చెంప మీద దోమ వాలింది. దోమ తప్పించుకుంది. ఆయన నాకు క్షమాపణ చెప్పాడు.

ఇలాంటి తండ్రిని పెట్టుకుని ఎవడైనా ఆత్మకథ రాయగలడా? చెప్పండి!

ఈ బాధ నేను నా మిత్రుడు ఇస్మాయిల్‌తో చెప్పుకునేవాణ్ణి. ఇస్మాయిల్ పెళ్లి ఊరేగింపుల్లో డ్రమ్ములు వాయిస్తాడు. మేమిద్దరం కలిసి ఒక బ్యాండు పెట్టాం. బ్యాండు మొత్తం మేమిద్దరమే.

"మా నాయన మంచోడైపోయినాడు ఇస్మాయిలూ, అదే నా కర్మ" అన్నాను ఒకరోజు.

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అరె భాయ్, నీకు పిచ్చి గిన పట్టిందా? మా అబ్బాను నెల దినాలు నీకిస్తా, మీ నాయన్ను నాకియ్యి" అన్నాడు.

అప్పుడే ఎమ్మిగనూరులో ఒక కాలేజీ వార్షికోత్సవంలో వాయించడానికి మాకు పిలుపు వచ్చింది. శనివారం మధ్యాహ్నం వెళ్లాం. కార్యక్రమానికి ముందు ఒకాయన చిన్న కెమెరా పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పేరు రంగస్వామి. ఫోనుల్లో చూసే లోకల్ చానెల్ ఒకటి ఒంటి చేత్తో నడుపుతాడు. జాతరలు, పొట్టేళ్ల పందేలు, బోర్లలో నీళ్లు పడిన వార్తలు ఆయన ప్రత్యేకత. ఆ రోజు పొట్టేళ్లు దొరకలేదేమో, మేము దొరికాం.

"అన్నా, రెండు ముక్కలు మాట్లాడన్నా" అని నా చేతిలో మైకు పెట్టాడు. "మ్యూజిక్ లోకి ఎట్ల వస్తివి? ఇంట్లో మీ నాయన సపోర్టు ఎట్లుండింది?"

చాలా సులువైన ప్రశ్న. 'బాగుండింది' అంటే అయిపోయేది. కానీ మైకు చల్లగా, బరువుగా అరచేతిలో ఉంది. ఎదురుగా కెమెరా కన్ను. మూడు కిలోల ఆత్మకథలూ ఒక్కసారిగా నాలో లేచి నిలబడ్డాయి. నేను తల పక్కకు తిప్పి దూరంగా చూశాను. అటు వైపు బజ్జీల బండి తప్ప ఏమీ లేదు. అయినా చూశాను.

"మా నాయనా..." అన్నాను. కాసేపు ఆగాను. "మా నాయన గురించి అడగొద్దన్నా."

రంగస్వామి కళ్లు దీపాల్లా వెలిగాయి. "ఏమైందన్నా? సెప్పన్నా, పర్వాలేదు, మనోళ్లే అందరూ."

"మా నాయన... తాగుతాడన్నా."

అది నా నోట్లోంచే వచ్చింది. నా గొంతే. పక్కన మిరపకాయ బజ్జీ తింటున్న ఇస్మాయిల్‌కు పొలమారింది.

"తాగొచ్చి కొడతాండెనా?"

"రోజూ" అన్నాను. ఒకసారి జారాక ఆగడం కష్టం. నా మోచేతి మీద మచ్చ చూపించాను. అది ఏడో తరగతిలో జామచెట్టు మీంచి పడ్డ మచ్చ. "నా మొదటి గిటారును నా కండ్ల ముందరే పొయ్యిలో పెట్టినాడన్నా. అది కాలతాంటే తీగలు ఒగొగటే తెగతా ఉండె. ఆ శబ్దమే... నా మొదటి పాట."

ఈ ఆఖరి వాక్యం నాకే ఎంత నచ్చిందంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రంగస్వామికీ తిరిగాయి. కెమెరా ఆపి నన్ను కౌగిలించుకున్నాడు.

ఆయన అటు పోగానే ఇస్మాయిల్ నా మీద పడ్డాడు. "ఏం రా అది? యా గిటారు కాలింది? నీ భుజానికి యాలాడేది ఏంది మరి?"

"అది కళ ఇస్మాయిలూ. నీకు అర్థం కాదు."

"నిన్న మీ ఇంటికొస్తే మీ నాయన నాకు అరటిపండు వలిచి ఇచ్చినాడు గదరా! వలిచి!"

"ఈయన చానెల్ ఎవురు చూస్తారులే. పొట్టేళ్లోల్లు తప్ప" అన్నాను.

పొట్టేళ్లవాళ్లు మా జిల్లాలో ఎంతమంది ఉన్నారో నాకు ఆ పొద్దు దాకా తెలియదు.

మర్నాడు ఆదివారం. చర్చికి మా నాయన అందరికంటే ముందు వెళ్లి చాపలు పరుస్తాడు. అక్కడ ఆయన సంఘపెద్ద కూడా. నేను గిటారు శ్రుతి చేసుకుంటుంటే జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే మా నాయనను చూసి మాట ఆపేస్తున్నారు. నన్ను చూసి తల నిమురుతున్నారు. ఫోను తీసి చూశాను. రంగస్వామి వీడియో. పైన పెద్ద ఎర్ర అక్షరాలు: 'గిటారును పొయ్యిలో పెట్టిన తండ్రి! ఆదోని యువకుని కన్నీటి గాథ.' ఒక పక్క సారా సీసా బొమ్మ. ఇంకో పక్క మా నాయన ఫొటో, క్రిస్మస్‌కు కుట్టించుకున్న కోటులో, చిరునవ్వుతో. నేను ఎప్పుడో నా పేజీలో పెట్టిన ఫొటో అది. సీసా, చిరునవ్వు పక్కపక్కన ఉండేసరికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేనట్టుంది.

ఈలోగా ఆడవాళ్ల వైపు మా అమ్మ సుగుణమ్మ చుట్టూ నలుగురు చేరారు. మా అమ్మది బటన్ల ఫోను. అందులో వీడియోలు రావు. మా వీధిలో ఉండే మరియమ్మత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎన్నేండ్ల నుంచి ఓర్సుకుంటాండావు సుగుణమ్మా?"

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెకు వేరే బాధ తెలియదు. "ఎనిమిదేండ్లాయ వదినా" అంది. "సలికాలం వస్తే మరీ ఎక్కువ."

"అయ్యో! ఎవురికీ సెప్పకుంటివే?"

"సెప్పి ఏం లాభం? నూనె పూసుకోని పండుకుంటా."

నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "పోనీలే. ఇప్పుడన్నా మీ ఆయన మానుకుంటే బాగుండు."

మా నాయనకు షుగరు. డాక్టరు తీపి మానమన్నాడు. "మానుకున్నాడులే వదినా" అంది మా అమ్మ సంతోషంగా. "పండగ దినాల్లో మాత్రం ఉండలేడు. పాపం ఆశపడతాడని నేనే ఒగ గ్లాసు పోసిస్తా."

ఆమె చెబుతున్నది పాయసం గురించి. అది తెలిసింది ఆ చర్చి మొత్తానికి నా ఒక్కడికే. నేను లేచి చెప్పాలి. లేవలేదు. గిటారు తీగ బిగిస్తూ కూర్చున్నాను. బిగించీ బిగించీ అది తెగింది.

ప్రార్థన అయ్యాక పాస్టరయ్య మా నాయననూ నన్నూ వెనక గదిలోకి పిలిచాడు. ఫోను మా నాయన చేతికిచ్చాడు. మా నాయన కళ్లజోడు పెట్టుకుని, ఫోను చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చూశాడు. నా గొంతు ఆ చిన్న గదిలో ఖంగుమంటోంది. 'ఆ శబ్దమే నా మొదటి పాట' అన్న దగ్గర నేను గోడ మీది క్యాలెండరులో తలదూర్చాను.

"దేవదానం, ఇది నిజమేనా?" అన్నాడు పాస్టరయ్య.

మా నాయన నన్ను చూశాడు. కోపం లేదు. నాకు పరీక్షలో తక్కువ మార్కులు వస్తే ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు చూసే చూపు అది. తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నిజమేనయ్యా" అన్నాడు.

పాస్టరయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏం తాగేవాడివి?"

మా నాయనకు ఆ రంగంలో పేర్లు తెలియవు. "ఏది దొరికితే అది" అన్నాడు.

"ఎంత?"

ఆలోచించాడు. "ఒగ గ్లాసు పొద్దున. సాయంత్రం మిల్లు నుంచి వచ్చినాక ఒగటి."

అది ఆయన టీ లెక్క. పాస్టరయ్య నిట్టూర్చి, ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మా నాయన కళ్లు మూసుకుని, చేయని పాపానికి, నా పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంఘపెద్ద బాధ్యత కొన్నాళ్లు వేరేవాళ్లకు అప్పగిస్తామన్నారు. సరేనన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను. "ఏంటికి ఒప్పుకుంటివి నాయనా?"

"మరి ఏం సెప్పమంటావు? వాడు అబద్ధాలోడు అని సెప్పాల్నా?" అన్నాడు. "బడిలో పిల్లోల్లకు పాఠం సెప్పేటోనివి. రేపట్నుంచి నీ మాట ఎవురు ఇంటారు? నాదేముందిలే, ముసిలోన్ని."

కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నాడు. "ఒగటి మాత్రం నాకు అంతుబట్టలేదురా."

"ఏంది నాయనా?"

"పొయ్యిలో పెట్టినానంటివే. మనింట్లో ఉండేది గ్యాసు స్టవ్వు గదా. అంత గిటారు దాంట్లో యెట్ల పడతాది?"

ఆయన నిజంగానే అడిగాడు. నేను రోడ్డు మీద ఎవరిదో వేపచెట్టుకు ఆనుకుని ఏడ్చాను. ఈసారి కెమెరా లేదు.

సోమవారం మిల్లులో సావుకారు మా నాయనను పిలిచి, "ఇన్నేండ్లు నీ చేతి తూకం మళ్లా తూచి చూసినోన్నే కాదు దేవదానం, కండ్లు మూసుకోని నమ్మినా" అని, కాటా దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. అంతటితో ఆగలేదు. పొద్దున్నే వచ్చినప్పుడు నోరు తెరిచి ఊదాలన్నాడు. నేను పుట్టకముందు నుంచి అక్కడ పనిచేస్తున్న మనిషి, రైతుల ముందర, ఒక గుమాస్తా ముక్కు కింద ఊదాడు. ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. ఇస్మాయిల్ చెప్పాడు, అదీ నన్ను తిట్టడానికి చెప్పాడు.

నేను పరుగున మిల్లుకు పోయాను. "సావుకారీ, అదంతా నేను కల్పించి సెప్పినా. మా నాయన తాగడు. ఎప్పుడూ తాగలేదు."

సావుకారు కళ్లు చెమర్చాయి. "బంగారట్లాంటి కొడుకువప్పా" అన్నాడు. "అంత కొట్టినోన్ని కూడా వెనకేసుకొస్తాండావు."

"కొట్టలేదు సావుకారీ! దోమను తప్ప..."

"పో నాయనా, పో. నాకు అన్నీ తెలుసు."

ఇక మిగిలింది రంగస్వామి. ఎమ్మిగనూరు పోయి, మగ్గాల చప్పుడు వినిపించే సందులో ఆయన ఇల్లు పట్టుకుని, కాళ్లూ వేళ్లూ పట్టుకుని ఇంకో వీడియో తీయించాను. నేను చెప్పిందంతా అబద్ధమనీ, మా నాయన దేవుడనీ కెమెరాలోకి సూటిగా చూస్తూ చెప్పాను. ఎందుకైనా మంచిదని దండం కూడా పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే పైన ఎర్ర అక్షరాలు: 'తండ్రి బెదిరించాడా? వణుకుతూ మాట మార్చిన ఆదోని యువకుడు!' నేను దండం పెడుతున్న బొమ్మ చుట్టూ ఎర్ర గీత గుండ్రంగా గీశాడు.

ఆ దెబ్బతో మా నాయన కీర్తి ఇంకా పాకింది. ఎమ్మిగనూరు చర్చివాళ్లు శనివారం సాయంత్రం సువార్త కూడిక పెట్టుకున్నారు. తాగుడు మానిన మనుషులు వచ్చి తమ కథ చెబితే నలుగురికి మేలు జరుగుతుందని, దేవదానం సాక్ష్యం చెప్పాలని మా పాస్టరయ్యను అడిగారు. ఆయన మాట ఇచ్చేశాడు. పాటలకు నన్నూ ఇస్మాయిల్‌నూ రమ్మన్నారు.

మా అమ్మ కూడా బయల్దేరింది. భర్త స్టేజీ ఎక్కి మాట్లాడతాడంటే ఆమెకు పండగ. దేని గురించి మాట్లాడతాడని అడిగితే, "దేవుడు చేసిన మేలు గురించి" అన్నాడు మా నాయన. అది అబద్ధం కాదు.

బస్సులో ఆయన నా చెవి దగ్గర వంగి, "నేను ఆడ నిజమే సెప్తారా. ఒగసారి అబద్ధమాడితి, రెండోతూరి నా సేత కాదు. నీకు కొంచెం ఇబ్బంది అయితాదేమో" అన్నాడు. నాకు ఇబ్బంది అవుతుందని ముందుగా చెప్పి పెడుతున్నాడు! నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

షామియానా నిండా జనం. రంగస్వామి కెమెరాతో ముందు వరసలో ఉన్నాడు. మా నాయన పేరు పిలిచారు. ఆయన అదే క్రిస్మస్ కోటు వేసుకుని మైకు ముందుకు పోయాడు. కుదురైన చెయ్యి, గాలిలో దూది కూడా సరిగ్గా తూచే చెయ్యి, కోటు బొత్తాన్ని తిప్పుతోంది.

"నా పేరు దేవదానం. నేను..." అన్నాడు. ఆగాడు. "మా పిల్లోడు..." మళ్లీ ఆగాడు.

నా కొడుకు అబద్ధం చెప్పాడు అనే నాలుగు ముక్కలు ఆయనకు రావడం లేదు. తనను తాగుబోతని ఒప్పుకోవడానికి ఒక్క క్షణం పట్టిన మనిషి, నన్ను అబద్ధాలకోరు అనడానికి అల్లాడుతున్నాడు. జనం, "సెప్పు అన్నా, ధైర్యంగా సెప్పు" అంటున్నారు.

గిటారు కింద పెట్టి నేనే వెళ్లి మైకు తీసుకున్నాను. అంతా చెప్పాను. పుస్తకాలు, పొయ్యి, మచ్చ, ఊదడం, అన్నీ. "మా నాయన తాగుబోతు కాదు, నేను అబద్ధాలోన్ని" అని ముగించాను.

షామియానా అంతా ఒక్కసారిగా చప్పట్లు! "ఆమెన్!" అని ఎవరో అరిచారు. "సూడండప్పా, తండ్రి కోసరం నింద తన మింద ఏసుకుంటాండాడు! కొడుకంటే అట్లుండాల!"

నేను మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మేకు కొట్టినట్టు నాటుకున్న ఒక్క అబద్ధాన్ని నా నిజాలన్నీ కలిసి పీకలేకపోతున్నాయి.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి మా అమ్మ లేచింది.

"ఎవురు తాగేది?" అంది.

చప్పట్లు కొడుతున్న చేతులు మధ్యలో ఆగాయి.

"నా మొగుడు తాగుతాడని ఎవురన్నది?" పక్కనున్న మరియమ్మత్త చిన్నగా, "నీ కొడుకే గదా సుగుణమ్మా, ఫోన్లో సెప్పినాడు" అంది. వారం నుంచి అందరూ పరామర్శిస్తున్నది తన మోకాళ్లను కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. మరియమ్మత్త చేతిలో పాటలకు తెచ్చుకున్న గజ్జెల కంజీర ఉంది. దాన్ని లాక్కుని, ఎనిమిదేళ్లుగా మెట్లు ఎక్కలేని మా అమ్మ, నాలుగు మెట్లు ఒక్క ఊపులో ఎక్కి స్టేజీ మీదికి వచ్చింది.

కైరుప్పలలో ఉగాది అయ్యాక పిడకలతో కొట్టుకుంటారు చూడండి, వాళ్లకు ముందే తెలుసు కాబట్టి ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటారు. నాకు ఆ అవకాశం దొరకలేదు. వీపు మీద, భుజం మీద, నెత్తి మీద, కంజీర గలగలమంటూ పడింది. పడిన ప్రతి దెబ్బా మైకులో వినిపించింది. ఇస్మాయిల్ పెళ్లిళ్లలో వాయించే మనిషి. చెవిన శబ్దం పడితే చెయ్యి ఊరుకోదు. రెండో దెబ్బకే డ్రమ్ముతో తాళం అందుకున్నాడు. తర్వాత, "కావాలని కాదు భాయ్, అలవాటు" అన్నాడు. నేను నమ్మలేదు.

"సైకిల్ మింద ఏసుకోని తిరిగిందానికా రా?" గల్. "వానలో అరుగు మింద కూసున్నందుకా?" గల్. "ఆయన నోట్లో టీ సుక్క తప్ప ఏం పోయినాది రా?" గల్, గల్.

"ఆపమ్మా, సుగుణమ్మా!" అని పాస్టరయ్య అడ్డం వచ్చాడు. ఆయనకూ ఒకటి తగిలింది.

నేను దండం పెట్టి చెబితే నమ్మని జనం, మా అమ్మ కొడుతుంటే నమ్మారు. ముందు వరసలో ఒకాయన, "ఆయమ్మ కోపం సూస్తే తెలీలేదా, ఆయన తాగేటోడు కాదులేప్పా" అన్నాడు. ఆ మాట వెనక వరస దాకా పాకింది. చివరికి మా అమ్మ చేతిలోంచి కంజీర తీసుకుని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరో తెలుసా? మా నాయనే. "సాలు సుగుణా, పిల్లోడు" అన్నాడు.

రంగస్వామి మూడో వీడియో పెట్టాడు. 'స్టేజీ మీదే కొడుకును ఉతికిన తల్లి!' ఈసారి పైన రాసిందంతా నిజమే. అది చూసి సావుకారు మా నాయనను మళ్లీ కాటా దగ్గర కూర్చోబెట్టాడు. ఊదించిన గుమాస్తా వచ్చి చేతులు పట్టుకున్నాడట. చర్చిలో పెద్దరికమూ తిరిగి ఇచ్చారు. బడికి పోతే మాత్రం నా క్లాసులో పిల్లలు, నేను బోర్డు వైపు తిరగ్గానే, 'గల్ గల్' అనేవారు. ఏడాది పాటు భరించాను. భరించాలి కదా.

ఎమ్మిగనూరు బస్టాండులో మూడో వీడియో చూడనివాళ్లు కొందరు మిగిలారు గానీ, తక్కిన అందరూ నవ్వి మరిచిపోయారు. నాకే ఇంకా మరపు రావడం లేదు. ఏ పనిలో ఉన్నా ఉన్నట్టుండి, ఆ గదిలో మోకాళ్ల మీద కూర్చున్న మా నాయన వీపు గుర్తుకొస్తుంది. చొక్కా భుజం మీద దూది పీచు అంటుకుని ఉండింది. దాన్ని తీసేయాలని కూడా ఆ రోజు నాకు చెయ్యి రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం ఆయనే అడిగాడు. "ఆ పుస్తకాలు అంత బాగుంటాయారా? ఒగటి సదివి సెప్పు."

అరుగు మీద కూర్చుని రోజుకు కొన్ని పేజీలు తెలుగులో చెప్పాను. వాన, పొగ, తాగుడు, విరిగిన గిటారు. ఆయన చెంపన చెయ్యి పెట్టుకుని, పత్తి రైతు కష్టం విన్నట్టే విన్నాడు. మొదటి అధ్యాయం అయిపోయాక పుస్తకం వైపు వంగి ఆ పేజీ మీద చెయ్యి పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఈ పిలగాని నాయన్ను ఎవురన్నా పోయి అడిగినారా, ఇది నిజమేనా అని?"

నేను పుస్తకం మూసేశాను.

కాబట్టి, ఆదోని ఎమ్మిగనూరు పట్టణాల మధ్య తిరిగే సమస్త బస్సుల సాక్షిగా, మా అమ్మ ఎక్కడో వంటింట్లో వింటోందన్న ఎరుకతో, బుద్ధిపూర్వకంగా చేస్తున్న ప్రమాణం ఇది: ఇకమీదట ఎవరు నా చేతిలో మైకు పెట్టి మీ నాయన ఎలాంటివాడని అడిగినా, 'బాగుంటాడు' అని ఒక్క ముక్క చెప్పి, మైకు తిరిగి ఇచ్చేసి, వచ్చిన దారిన ఇంటికి పోతాను.